మొజార్ట్ ఒపేరాలు

వోల్ఫ్‌గాంగ్ అమదేయుస్ మొజార్ట్ (జనవరి 27, 1756 - డిసెంబరు 5, 1791) నేటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ నగరంలో జన్మించిన సుప్రసిద్ధ సంగీతకర్త. ఇతడు సింఫొనీలు, కచేరీ రచనలు, పియానో రచనలు, చర్చి సంగీతం మొదలైన అనేక ప్రక్రియలలో కృషి చేశాడు. అయినను రంగస్థలం కొరకు రచించిన సంగీత నాటకాలే, అనగా ఒపేరాలే, ఇతనికి అత్యంత ప్రీతిపాత్రమైనవి. తండ్రికి వ్రాసిన ఉత్తరాలలో ఒపేరా రచించాలనే కోరికను ఇతడు పలుమార్లు వెల్లడించాడు. పదకొండేళ్ళ వయసులో మొదలై, ముప్పై అయిదేళ్ళకే ముగిసిన జీవితపు చివరి నెలల వరకు సాగిన ఈ కృషిలో అసంపూర్ణ రచనలతో కలిపి సుమారు 22 రంగస్థల రచనలు వెలువడ్డాయి. వాటిలో ఏడు రచనలు నేటికీ ప్రపంచమంతటా ప్రదర్శింపబడుతున్నాయి. ఈ వ్యాసం ఆ ఏడింటిని పరిచయం చేస్తుంది.

ఒపేరా స్వరూపం

ఒపేరా అనునది పాత్రధారులు వాద్యబృందం సహకారంతో పాడుతూ నటించే నాటకం. పాశ్చాత్య దేశాలలో ఈ ప్రక్రియ 1600 ప్రాంతంలో ఇటలీలో రూపు దిద్దుకున్నది. ఒపేరాకు ఆధారమైన సాహిత్యాన్ని లిబ్రెట్టో అంటారు. దీనిని సాధారణంగా ఒక కవి వ్రాస్తాడు, సంగీతకర్త దానికి స్వరరచన చేస్తాడు. ఒపేరాలో ముఖ్యమైన భాగాలు ఇవి.

* ఓవర్చర్: తెర లేవడానికి ముందు వాద్యబృందం వాయించే ప్రారంభ సంగీతం.
* రెసిటటివ్: మాట్లాడే తీరుకు దగ్గరగా పాడే సంభాషణ. కథ ముందుకు నడిచేది ప్రధానంగా ఇందులోనే.
* ఆరియా: ఒక పాత్ర తన మనోభావాన్ని వెల్లడిస్తూ పాడే పూర్తి స్థాయి గీతం. ఇక్కడ కథ కొంతసేపు నిలిచి, భావం విస్తరిస్తుంది.
* బృందగీతాలు: ఇద్దరు, ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది కలసి పాడే గీతాలు.
* ఫినాలె: అంకం చివర పాత్రలన్నీ క్రమంగా చేరుతూ సాగే సుదీర్ఘమైన ముగింపు ఘట్టం.

యక్షగానంలో దరువులకు, సంధివచనాలకు గల భేదం తెలిసిన పాఠకులకు ఆరియా, రెసిటటివ్‌ల మధ్య తేడా సులభంగా బోధపడుతుంది.

మొజార్ట్ కాలంలో మూడు విధాల ఒపేరాలు వాడుకలో ఉండేవి. పురాణ పురుషులు, చక్రవర్తులు నాయకులుగా గల గంభీరమైన ఇటాలియన్ ఒపేరాను ఒపేరా సేరియా అని, సమకాలీన సమాజాన్ని చిత్రించే హాస్య ప్రధానమైన ఒపేరాను ఒపేరా బుఫ్ఫా అని అంటారు. జర్మన్ భాషలో పాటల మధ్య మామూలు వచన సంభాషణ ఉండే నాటకాన్ని సింగ్‌ష్పీల్ అంటారు. మొజార్ట్ ఈ మూడింటిలోనూ రచనలు చేశాడు.

తొలి రచనలు

మొజార్ట్ తండ్రి లియోపోల్డ్ సాల్జ్‌బర్గ్ ఆర్చిబిషప్ ఆస్థానంలో సంగీత విద్వాంసుడు. కుమారుని ప్రతిభను చిన్ననాడే గుర్తించి ఐరోపా నగరాలన్నీ త్రిప్పాడు. మొజార్ట్ 1767లో అపోలో-హయసింథస్ అనే లాటిన్ సంగీత నాటికను, 1768లో బాస్టియెన్-బాస్టియెన్నె అనే చిన్న జర్మన్ నాటికను రచించాడు. 1770 డిసెంబరు 26న ఇటలీలోని మిలాన్ నగరంలో మిత్రిదాతె అనే సంపూర్ణ ఒపేరా సేరియా ప్రదర్శింపబడినప్పుడు ఇతని వయస్సు పద్నాలుగేళ్ళు మాత్రమే. తరువాత 1772లో మిలాన్‌లోనే లూచియో సిల్లా, 1775లో మ్యూనిక్‌లో లా ఫింతా జార్దినియేరా ప్రదర్శించారు. ఇవన్నీ ఆనాటి పద్ధతులను శ్రద్ధగా నేర్చుకున్న రచనలు. వీటిలో సొంత ముద్ర అక్కడక్కడ మాత్రమే కనిపిస్తుంది.

ఆస్థానం విడిచిన తరువాత

1781 సంవత్సరం మొజార్ట్ జీవితంలో మలుపు. ఆ కాలంలో సంగీతకారులు ప్రభువుల ఇండ్లలో సేవకులతో సమానం. ఆర్చిబిషప్‌తో వియన్నాకు వచ్చిన మొజార్ట్ భోజన సమయంలో పరిచారకుల బల్ల దగ్గర కూర్చోవలసి వచ్చింది. దీనిని అవమానంగా భావించి కొలువు వదులుకున్నాడు. ఆస్థానాధికారి కౌంట్ ఆర్కో తనను కాలితో తన్ని పంపినట్లు తండ్రికి వ్రాశాడు. అప్పటినుండి పాఠాలు చెప్పుకొని, కచేరీలు చేసి, ఒపేరాలు వ్రాసి స్వతంత్రంగా జీవించడానికి ప్రయత్నించాడు.

ఈ స్వాతంత్ర్యానికి ఆర్థిక భద్రత లేదు. ఆ కాలంలో సంగీతకర్తకు రచనపై హక్కు ఉండేది కాదు. ఒపేరాకు ఒక్కసారి మాత్రమే ప్రతిఫలం లభించేది. తరువాత ఎన్ని నగరాలలో, ఎన్నిసార్లు ఆడినా రచయితకు ఏమీ రాదు. ఫిగారో వివాహానికి మొజార్ట్‌కు ముట్టినది 450 గుల్డెన్లు. సాల్జ్‌బర్గ్‌లో ఆస్థాన ఆర్గన్ వాద్యకారుడుగా ఇతని సాలుసరి జీతం కూడా అంతే. 1788 నుండి తన మిత్రుడైన వర్తకుడు పుఖ్‌బెర్గ్‌ను అప్పు అడుగుతూ వ్రాసిన ఉత్తరాలు అనేకం నిలిచి ఉన్నాయి. సేవకులకు కూడా ఆత్మగౌరవం ఉంటుందని చాటే పాత్రలు ఇతని ఒపేరాలలో తరచుగా కనిపించడం గమనార్హం.

ప్రధాన ఒపేరాలు

ఇడొమెనియో

మ్యూనిక్‌లో 1781 జనవరి 29న మొదటిసారి ప్రదర్శింపబడిన ఒపేరా సేరియా. లిబ్రెట్టో రచయిత వరెస్కో. ట్రాయ్ యుద్ధం నుండి తిరిగివస్తున్న క్రీట్ రాజు ఇడొమెనియో సముద్రంలో తుఫానుకు చిక్కుతాడు. ప్రాణాలతో ఒడ్డు చేరితే మొదట ఎదురైన మనిషిని బలి ఇస్తానని సముద్ర దేవతకు మొక్కుకుంటాడు. ఎదురైనది అతని కన్నకొడుకు ఇదమాంతె. మొక్కు తీర్చాలా, కొడుకును దక్కించుకోవాలా అన్నదే కథలోని సంఘర్షణ. ఇదమాంతెను ప్రేమించిన ట్రోజన్ రాకుమారి ఇలియా అతని బదులు తాను బలికి సిద్ధపడగా దైవం శాంతిస్తుంది. మూడవ అంకంలో నాలుగు పాత్రలు తమ తమ వేదనను ఒకేసారి పాడే చతుర్గళ గీతం ఈ రచనకు తలమానికం. వాద్యబృందం సముద్ర ఘోషను పలికించే ఘట్టాలు, బృందగానాలు కూడా ప్రసిద్ధమైనవి.

సెరాయ్ నుండి అపహరణ

దీని జర్మన్ పేరు డీ ఎంట్‌ఫ్యూరుంగ్ ఔస్ డెమ్ సెరాయ్. 1782 జూలై 16న వియన్నాలోని బుర్గ్‌థియేటర్‌లో ప్రదర్శింపబడింది. చక్రవర్తి రెండవ జోసఫ్ జర్మన్ భాషలో సంగీత నాటకాన్ని ప్రోత్సహించాలని 1778లో ఏర్పరచిన సంస్థ కొరకు దీనిని రచించారు. టర్కీ ప్రభువైన పాషా సెలిం అంతఃపురంలో బందీగా ఉన్న కొన్‌స్టాంజెను విడిపించడానికి ఆమె ప్రియుడు బెల్మొంతె వస్తాడు. పలాయన ప్రయత్నం విఫలమై అందరూ పట్టుబడతారు. బెల్మొంతె తన పరమ శత్రువు కుమారుడని సెలింకు తెలుస్తుంది. అయినా అన్యాయానికి అన్యాయంతో బదులు తీర్చుకోవడం కంటే మేలుతో బదులివ్వడమే గొప్పదని భావించి అందరినీ విడిచిపెడతాడు. కథలో అందరికంటే ఉదాత్తమైన ఈ పాత్ర ఒక్క పాట కూడా పాడదు. సెలిం మాటలన్నీ వచనమే.

పెద్ద డోలు, తాళాలు, ట్రయాంగిల్ వంటి వాద్యాలతో టర్కీ సైనిక సంగీతపు ఛాయను మొజార్ట్ ఇందులో కల్పించాడు. కావలివాడు ఓస్మిన్ కోపంతో ఊగిపోయే పాటను గురించి తండ్రికి వ్రాస్తూ, మనిషి కోపంలో హద్దు మీరినా సంగీతం మాత్రం చెవికి కటువు కాకూడదని, ఎప్పుడూ సంగీతంగానే నిలవాలని అభిప్రాయపడ్డాడు. ఈ సూత్రం ఇతని రచనలన్నింటికీ వర్తిస్తుంది. ఈ ఒపేరా ప్రదర్శింపబడిన కొద్ది రోజులకే, 1782 ఆగస్టు 4న, మొజార్ట్ కన్‌స్టాంజె వెబర్‌ను వివాహమాడాడు. కథానాయిక పేరు కూడా అదే కావడం కాకతాళీయం.

ఫిగారో వివాహం

దీని ఇటాలియన్ పేరు లె నొత్సె ది ఫిగారో. 1786 మే 1న బుర్గ్‌థియేటర్‌లో ప్రదర్శింపబడింది. లిబ్రెట్టో రచయిత లొరెంజో ద పొంతె. దీనికి మూలం ఫ్రెంచి రచయిత బొమార్షె వ్రాసిన నాటకం. సేవకుడు ప్రభువును ఎదిరించే కథ కావడం వలన ఆ నాటకం ఫ్రాన్సులో కొన్నేళ్ళు నిషేధానికి గురై 1784లో మాత్రమే బహిరంగంగా ప్రదర్శింపబడింది. వియన్నాలో 1785లో నాటక ప్రదర్శనను రెండవ జోసఫ్ చక్రవర్తి అనుమతించలేదు. నేరుగా రాజకీయాలను ప్రస్తావించే భాగాలను ద పొంతె తొలగించిన మీదట ఒపేరాకు అనుమతి లభించింది.

కథ అంతా స్పెయిన్‌లో సెవిల్ నగర సమీపంలోని కోటలో ఒక్క రోజులో జరుగుతుంది. కౌంట్ అల్మవీవా సేవకుడు ఫిగారోకు, ఆయన భార్య పరిచారిక సుజానాకు ఆ రోజే వివాహం. సుజానాపై కన్నువేసిన కౌంట్, సేవకుని పెండ్లి కూతురిపై ప్రభువుకు ఉండేదని చెప్పే పాత హక్కును దొడ్డిదారిన తిరిగి పొందాలని చూస్తాడు. ఫిగారో, సుజానా, భర్త నిరాదరణకు కుమిలిపోతున్న కౌంటెస్ ఒక్కటై అతనికి బుద్ధి చెప్పాలని నిశ్చయిస్తారు. రాత్రి తోటలో సుజానా, కౌంటెస్ దుస్తులు మార్చుకుంటారు. సుజానా అనుకొని కౌంట్ తన భార్యనే బ్రతిమాలుతాడు. మరొక ప్రక్క ఫిగారోతో ఉన్నది తన భార్యే అనుకొని అందరినీ పిలిచి నానా యాగీ చేస్తాడు. ఎందరు వేడుకున్నా క్షమించనంటాడు. అంతలో అసలు కౌంటెస్ చీకటిలో నుండి బయటకు వస్తుంది. కౌంట్ నోట మాట రాదు. మోకాళ్ళపై కూర్చొని క్షమాపణ వేడుకుంటాడు. ఆమె క్షమిస్తుంది. అంతవరకు పరుగులు తీసిన సంగీతం ఇక్కడ ఒక్కసారిగా నెమ్మదించి, ప్రార్థనా గీతంలా మారుతుంది. ఇది ఒపేరా చరిత్రలోనే మనసుకు హత్తుకునే ఘట్టాలలో ఒకటిగా పేరొందింది.

రెండవ అంకం ఫినాలె సుమారు ఇరవై నిమిషాలు సాగుతుంది. ఇద్దరితో మొదలై, ఒక్కొక్కరు చేరుతూ చివరకు ఏడుగురు కలసి పాడతారు. మొదటి అంకంలో ఫిగారో ప్రభువును తన వాద్యానికి తగినట్లు ఆడిస్తానని శపథం చేసే పాటకు మొజార్ట్ ప్రభువర్గం వారి నృత్యమైన మినుయెట్ నడకనే వాడుకున్నాడు. తొలగించిన రాజకీయం ఈ విధంగా సంగీతంలో తిరిగి చోటు చేసుకున్నదని చెప్పవచ్చును.

వియన్నాలో ఆ ఏడాది ఇది తొమ్మిది సార్లు మాత్రమే ఆడింది. ప్రాగ్ నగరంలో మాత్రం అపూర్వమైన ఆదరణ లభించింది. 1787 జనవరిలో అక్కడికి వెళ్ళిన మొజార్ట్, ఊరంతా ఫిగారో తప్ప వేరే ముచ్చటే లేదని మిత్రునికి సంతోషంగా వ్రాశాడు.

డాన్ జొవాన్ని

ఫిగారో విజయం చూసి ప్రాగ్ నాటక సంస్థ మరొక ఒపేరా వ్రాయమని కోరింది. ఫలితంగా వెలువడిన డాన్ జొవాన్ని 1787 అక్టోబరు 29న ప్రాగ్‌లో మొజార్ట్ నిర్వహణలో ప్రదర్శింపబడింది. లిబ్రెట్టో ద పొంతెదే. ఆ రంగశాల ఎస్టేట్స్ థియేటర్ అనే పేరుతో నేటికీ నిలిచి ఉన్నది.

స్పెయిన్‌కు చెందిన డాన్ హువాన్ అనే విలాస పురుషుని కథను 17వ శతాబ్దంలో తిర్సో ద మొలీనా, మొలియేర్ మొదలైనవారు నాటకాలుగా వ్రాశారు. మొజార్ట్ ఒపేరాలో డాన్ జొవాన్ని రాత్రివేళ డొన్నా ఆన్నా ఇంట ప్రవేశించి, అడ్డువచ్చిన ఆమె తండ్రిని ద్వంద్వ యుద్ధంలో చంపుతాడు. అతడు మోసగించిన డొన్నా ఎల్వీరా అతనిని వెదుకుతూ వస్తుంది. పల్లె పడుచు జెర్లీనాను పెండ్లినాడే వలలో వేసుకోవాలని చూస్తాడు. చివరకు శ్మశానంలో తాను చంపిన వృద్ధుని రాతి విగ్రహాన్ని ఎగతాళిగా విందుకు పిలుస్తాడు. విగ్రహం నిజంగానే విందుకు వస్తుంది. పశ్చాత్తాప పడమని పలుమార్లు కోరినా అతడు ఒప్పుకోడు. మంటలలో పడి నరకానికి పోతాడు.

సేవకుడు లెపొరెల్లో తన యజమాని వలలో పడిన స్త్రీల పట్టికను చదివే పాట చాలా ప్రసిద్ధం. ఇటలీలో 640, జర్మనీలో 231, ఫ్రాన్సులో 100, టర్కీలో 91, స్పెయిన్‌లో 1003 అని అతడు లెక్క చెబుతాడు. మొత్తం 2065. ప్రేక్షకుడు నవ్వుతాడు. కాని ఆ పట్టికను వింటున్నది మోసపోయిన ఎల్వీరా అని గుర్తు చేసుకుంటే ఆ నవ్వు నిలువదు. హాస్యాన్ని, విషాదాన్ని ఈ విధంగా ఒకే చోట నిలపడం ఈ ఒపేరా ప్రత్యేకత. మొదటి అంకం చివర విందులో వేదికపై మూడు వాద్యబృందాలు మూడు వేర్వేరు నృత్యాలను మూడు వేర్వేరు నడకలలో ఏకకాలంలో వాయిస్తాయి. ప్రభువులది ఒకటి, మధ్య తరగతిది ఒకటి, పల్లె ప్రజలది ఒకటి. లెక్క తప్పకుండా ఈ మూడూ కలిసే తీరు తాళ పరిజ్ఞానం ఉన్నవారికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది.

19వ శతాబ్దపు రచయితలు, తత్త్వవేత్తలు ఈ ఒపేరాను ఎంతగానో మెచ్చుకున్నారు. డెన్మార్క్ తత్త్వవేత్త కియెర్కెగార్డ్ 1843లో వెలువడిన తన గ్రంథంలో దీనిపై సుదీర్ఘ వ్యాసం వ్రాశాడు. ఇందులోని ఒక యుగళగీతాన్ని ఆధారం చేసుకొని షోపాన్ 1827లో పియానో రచన చేశాడు.

కొసీ ఫాన్ తుత్తె

ద పొంతెతో చేసిన మూడవ, చివరి ఒపేరా. 1790 జనవరి 26న బుర్గ్‌థియేటర్‌లో ప్రదర్శింపబడింది. "స్త్రీలందరూ ఇంతే" అని పేరుకు అర్థం. నేపుల్స్ నగరంలో ఇద్దరు యువ సైనికాధికారులు తమ ప్రేయసులు ఎన్నటికీ మాట తప్పరని డాన్ అల్ఫాన్సో అనే అనుభవజ్ఞునితో పందెం వేస్తారు. యుద్ధానికి పోతున్నట్లు నటించి, మారు వేషాలలో తిరిగి వచ్చి ఒకరి ప్రేయసిని మరొకరు ఆకర్షించాలని ప్రయత్నిస్తారు. అక్కచెల్లెళ్ళైన ఫియొర్దిలీజి, దొరబెల్లా చివరకు లొంగిపోతారు. నిజం బయటపడి, క్షమాపణలు జరిగి కథ ముగుస్తుంది. అయితే చివరకు ఎవరు ఎవరిని చేపట్టారో లిబ్రెట్టో స్పష్టంగా చెప్పదు. నిర్ణయం దర్శకులదే.

చక్రవర్తి 1790 ఫిబ్రవరి 20న మరణించడంతో రంగశాలలు మూతపడి అయిదు ప్రదర్శనలకే ఇది ఆగిపోయింది. ఆ ఏడాది వేసవిలో తిరిగి కొద్దిసార్లు మాత్రం ఆడింది. 19వ శతాబ్దంలో కథ అనైతికమని భావించి సంగీతం ఉంచి సాహిత్యం మార్చి ప్రదర్శించేవారు. 20వ శతాబ్దంలోనే దీనికి తగిన స్థానం దక్కింది. పేరు స్త్రీలను నిందిస్తున్నట్లున్నా, మోసం ప్రారంభించినది పురుషులే. కపట ప్రేమను పలికే చోట కూడా సంగీతం నిజమైన ప్రేమనే పలుకుతుంది. పాత్రలకు కలిగే తికమక ఈ విధంగా శ్రోతలకు కూడా కలుగుతుంది. ఓడకు వీడ్కోలు చెబుతూ ఇద్దరు యువతులు, అల్ఫాన్సో పాడే గీతం మొజార్ట్ రచనలలో అత్యంత మధురమైన వాటిలో ఒకటి.

తీతో దయాగుణం

దీని ఇటాలియన్ పేరు లా క్లెమెంజా ది తీతో. రెండవ లియోపోల్డ్ బొహీమియా రాజుగా పట్టాభిషిక్తుడైన సందర్భంగా 1791 సెప్టెంబరు 6న ప్రాగ్‌లో ప్రదర్శింపబడింది. మెతస్తాజియో వ్రాసిన పాత లిబ్రెట్టోను మజ్జొలా కుదించి సవరించాడు. మొజార్ట్ దీనిని చాలా తక్కువ వ్యవధిలో పూర్తి చేయవలసి వచ్చింది. రోమను చక్రవర్తి తీతోపై అతని ఆప్తమిత్రుడు సెస్తో, వితెల్లియా అనే స్త్రీ ప్రేరణతో కుట్ర పన్నుతాడు. కుట్ర విఫలమవుతుంది. చక్రవర్తి మరణశిక్ష పత్రాన్ని చింపివేసి అందరినీ క్షమిస్తాడు. సెస్తో పాడే ఆరియాలో క్లారినెట్ వాద్యం గాయకునితో సంభాషిస్తున్నట్లు సాగుతుంది. లండన్‌లో ప్రదర్శింపబడిన మొజార్ట్ ఒపేరాలలో ఇదే మొదటిది (1806).

మాయావేణువు

దీని జర్మన్ పేరు డీ త్సౌబర్‌ఫ్లోటె. 1791 సెప్టెంబరు 30న వియన్నా శివారులోని ఒక సామాన్య ప్రజల రంగశాలలో మొజార్ట్ నిర్వహణలో ప్రదర్శింపబడింది. రంగశాల నిర్వాహకుడు, నటుడు అయిన ఎమాన్యుయెల్ షికనేడర్ లిబ్రెట్టో వ్రాసి, పక్షులను పట్టే పపగేనో పాత్రను స్వయంగా ధరించాడు.

రాకుమారుడు తమీనో ఒక మహాసర్పం బారి నుండి రక్షింపబడతాడు. నిశీధి రాణి తన కుమార్తె పమీనాను సరస్త్రో అనే దుర్మార్గుడు ఎత్తుకుపోయాడని చెప్పి, ఆమెను విడిపించమని కోరుతుంది. తమీనోకు ఒక మాయావేణువును, తోడుగా పోయే పపగేనోకు మాయాగంటలను ఇస్తారు. అయితే సరస్త్రో జ్ఞాని అని, రాణి మాటలే కపటమని అక్కడికి పోయిన తరువాత తెలుస్తుంది. తమీనో మౌన పరీక్షను దాటిన తరువాత, తమీనో, పమీనా అగ్ని జల పరీక్షలను దాటి ఒక్కటవుతారు. పరీక్షలంటే భయపడే పపగేనోకు తిండి, నిద్ర, మంచి భార్య చాలు. అతనికి పపగేనా లభిస్తుంది.

మొజార్ట్ 1784 డిసెంబరులో ఫ్రీమేసన్ సంఘంలో చేరాడు. ఆ సంఘంలో ప్రధానమైన మూడు అనే సంఖ్య ఈ ఒపేరా అంతటా కనిపిస్తుంది. ముగ్గురు స్త్రీలు, ముగ్గురు బాలురు, మూడు ఆలయాలు, ఓవర్చర్‌లో మూడేసి సార్లు మ్రోగే స్వరసమూహాలు ఇందుకు నిదర్శనాలు. రెండవ అంకంలో నిశీధి రాణి కుమార్తె చేతికి కత్తి ఇచ్చి సరస్త్రోను చంపమని ఆజ్ఞాపించే ఆరియా స్త్రీ గాత్రానికి గల అత్యున్నత స్థాయిని స్పృశిస్తుంది. తొలి ప్రదర్శనలో దీనిని మొజార్ట్ వదినె జోసెఫా హోఫర్ పాడింది. 1977లో అంతరిక్షంలోకి పంపిన వాయేజర్ నౌకలలోని బంగారు పూత రికార్డులో ఈ ఆరియా కూడా ఉన్నది.

కొన్ని లోపాలు కూడా చెప్పుకోవలసి ఉన్నది. స్త్రీలను తక్కువ చేసే మాటలు, నల్లజాతి వాడైన మొనొస్తాతోస్ పాత్రను చిత్రించిన తీరు నేటి ప్రేక్షకులకు ఇబ్బంది కలిగిస్తాయి. ప్రస్తుతం చాలామంది దర్శకులు ఆ సంభాషణలను మార్చి ప్రదర్శిస్తున్నారు. అయితే పురుషునితో సమానంగా కఠిన పరీక్షను ఎదుర్కొని, అతని చేయి పట్టి నడిపించేది పమీనాయే అన్న విషయం మరువరాదు.

ఈ ఒపేరా సాధించిన ప్రజాదరణను మొజార్ట్ కన్నులారా చూశాడు. మౌనంగా వింటున్న ప్రేక్షకుల మెప్పు తనకు ఎక్కువ ఆనందం కలిగిస్తున్నదని 1791 అక్టోబరులో భార్యకు వ్రాశాడు. ఒక ప్రదర్శనలో తెర వెనుక గంటల వాద్యాన్ని తానే అందుకొని, వేళకాని వేళ మ్రోగించి షికనేడర్‌ను తికమక పెట్టినట్లు కూడా వ్రాశాడు. తొలి ప్రదర్శన జరిగిన రెండు నెలల అయిదు రోజులకు మొజార్ట్ మరణించాడు.

ద పొంతె

మూడు గొప్ప ఒపేరాలకు సాహిత్యం అందించిన లొరెంజో ద పొంతె (1749 - 1838) జీవితం కూడా నాటకీయమైనదే. వెనిస్ రాజ్యంలో యూదుల ఇంట పుట్టి, బాల్యంలో క్రైస్తవం స్వీకరించి, మతాచార్యుడై, తరువాత వెనిస్ నుండి బహిష్కరణకు గురై వియన్నాలో ఆస్థాన నాటక కవి అయ్యాడు. 1805లో అమెరికాకు వలస వెళ్ళి, న్యూయార్క్‌లోని కొలంబియా కళాశాలలో ఇటాలియన్ బోధించాడు. 1826లో న్యూయార్క్‌లో డాన్ జొవాన్ని ప్రదర్శనను చూసే భాగ్యం ఇతనికి కలిగింది.

సంగీత విశిష్టత

మొజార్ట్‌కు ముందు ఒపేరాలలో ఆరియాలకే ప్రాధాన్యం ఉండేది. పాత్రలు ఒకరి తరువాత ఒకరు వచ్చి పాడి పోయేవారు. మొజార్ట్ బృందగీతాలను కథ నడిపే సాధనాలుగా తీర్చిదిద్దాడు. వచన నాటకంలో నలుగురు ఒకేసారి మాట్లాడితే ఒక్క మాట కూడా అర్థం కాదు. సంగీతంలో మాత్రం ఒకరి కోపం, మరొకరి భయం, ఇంకొకరి చిలిపితనం ఒకే క్షణంలో వినిపించడం సాధ్యం. ఈ సౌలభ్యాన్ని ఇంత సమర్థంగా వాడుకున్నవారు అరుదు.

రెండవ విశేషం వాద్యబృందం పాత్ర. గాయకుడు పైకి చెప్పే మాట ఒకటైతే, అతని మనసులోని మాట వాద్యాలలో వినిపిస్తుంది. మూడవది, తక్కువ కులం, ఎక్కువ కులం అన్నట్లు ఆనాడు గీసిన గీతలు సంగీతంలో చెరిగిపోవడం. సుజానాకు, కౌంటెస్‌కు ఇచ్చిన స్వరాలు సమానమైన అందం గలవి. ఇద్దరూ కలసి ఉత్తరం వ్రాసే యుగళగీతంలో ఎవరు యజమానురాలో, ఎవరు పరిచారికయో చెవికి తెలియదు.

పైన చెప్పిన కథలలో క్షమాగుణం మాటిమాటికీ కనిపించడం కూడా గమనింపదగినది. సెలిం, కౌంటెస్, తీతో క్షమిస్తారు. పశ్చాత్తాపం నిరాకరించిన డాన్ జొవాన్నికి మాత్రమే క్షమ లభించదు.

ప్రచారంలో ఉన్న అపోహలు

* సహ సంగీతకర్త సలియేరి విషం పెట్టి మొజార్ట్‌ను చంపాడనే కథకు ఆధారం లేదు. పుష్కిన్ 1830లో వ్రాసిన నాటిక, పీటర్ షాఫర్ నాటకం ఆధారంగా 1984లో వచ్చిన అమదేయుస్ చలనచిత్రం ఈ కథకు ప్రచారం కల్పించాయి. మొజార్ట్ స్వయంగా సలియేరిని మాయావేణువు ప్రదర్శనకు తీసుకొని వెళ్ళాడు. అతడు ప్రతి పాటను మెచ్చుకున్నాడని భార్యకు వ్రాశాడు.
* "స్వరాలు మరీ ఎక్కువైనాయి" అని చక్రవర్తి అన్నట్లు చెప్పే కథ మొజార్ట్ మరణానంతరం వెలువడిన జీవిత చరిత్ర ద్వారా వ్యాపించింది. అది జరిగినదని రుజువు లేదు.
* మొజార్ట్ ఒపేరాలన్నీ విఫలమైనాయనడం సరికాదు. సెరాయ్ నుండి అపహరణ, మాయావేణువు అతని జీవితకాలంలోనే మంచి విజయం సాధించాయి.

కొత్తగా వినేవారికి

పాశ్చాత్య సంగీతంతో పరిచయం లేనివారు మాయావేణువుతో ప్రారంభించడం మంచిది. పాటలు చిన్నవి, కథ జానపద కథవలె ఉంటుంది. స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ 1975లో తీసిన చలనచిత్రం కూడా ఇందుకు తోడ్పడుతుంది. తరువాత ఫిగారో వివాహం, డాన్ జొవాన్ని వినవచ్చును. వినడానికి ముందు కథను ఒకసారి చదువుకోవాలి. మొత్తం మూడు గంటల రచనను ఒక్కసారిగా వినే బదులు ఒక అంకం చొప్పున, అనువాద పాఠం చూస్తూ వింటే ప్రయోజనం ఎక్కువ. భాష తెలియకపోయినా, ఒకే పాటను మూడు నాలుగు సార్లు విన్న పిమ్మట పాత్ర మనోభావం దానంతట అదే తెలిసివస్తుంది.

కాలక్రమ పట్టిక

* ఇడొమెనియో - 1781, మ్యూనిక్ - ఇటాలియన్ - ఒపేరా సేరియా
* సెరాయ్ నుండి అపహరణ - 1782, వియన్నా - జర్మన్ - సింగ్‌ష్పీల్
* ఫిగారో వివాహం - 1786, వియన్నా - ఇటాలియన్ - ఒపేరా బుఫ్ఫా
* డాన్ జొవాన్ని - 1787, ప్రాగ్ - ఇటాలియన్ - హాస్య, విషాద మిశ్రమం
* కొసీ ఫాన్ తుత్తె - 1790, వియన్నా - ఇటాలియన్ - ఒపేరా బుఫ్ఫా
* తీతో దయాగుణం - 1791, ప్రాగ్ - ఇటాలియన్ - ఒపేరా సేరియా
* మాయావేణువు - 1791, వియన్నా - జర్మన్ - సింగ్‌ష్పీల్

మొజార్ట్ జన్మించి 250 ఏళ్ళు నిండిన 2006లో సాల్జ్‌బర్గ్ ఉత్సవంలో ఇతని 22 రంగస్థల రచనలనూ ప్రదర్శించారు. ఒకనాడు పరిచారకుల బల్ల దగ్గర కూర్చోబెట్టిన ఆస్థానం ఇతనిదే, ఈ ఉత్సవం జరిగిన ఊరూ అదే.